నంబరు ఏడుంది?

మా అన్నయ్య ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివి, బొగ్గు గనిలో ఉద్యోగానికి రాతపరీక్ష పాసయ్యాడు. వైద్య పరీక్షలో ఎత్తు చూశారు, బరువు చూశారు, గుండె చూశారు, అన్నీ భేషుగ్గా ఉన్నాయన్నారు. చివరికి ఒక పుస్తకం ముందు ఓడిపోయాడు. ఆ పుస్తకంలో చదవడానికి ఒక్క అక్షరం కూడా లేదు.

రెండువేల సంవత్సరం దాటి రెండు మూడేళ్లయిన రోజులవి. మాది ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న పల్లె. మిరప తోట, కొంచెం పత్తి, రెండు గేదెలు. ఇంట్లో నాయనమ్మ, అమ్మ, నాన్న, అన్నయ్య. నేను ఖమ్మంలో హాస్టల్లో ఉండి ఇంటర్ బైపీసీ చదువుతూ, అప్పుడే దసరా సెలవులకు వచ్చి ఉన్నాను.

మధ్యాహ్నం బస్సు దిగి ఇంటికొచ్చిన అన్నయ్య జరిగింది చెప్పాడు. కళ్ల డాక్టరు ఒక పుస్తకం మధ్యలో తెరిచి, రంగురంగుల చుక్కలతో నిండిన గుండ్రటి బొమ్మ చూపించి, ఇందులో ఏ నంబరుందని అడిగాడట. అన్నయ్య ఎంత చూసినా చుక్కలే. "నంబరు ఏడుంది సార్?" అన్నాడు. మా వైపు మాటలో ఎక్కడుంది అని. డాక్టరుది ఇంకో వైపు. పైగా ఆ పేజీలో నిజంగానే ఏడు అంకె ఉంది. గుడ్ అని టిక్కు పెట్టుకుని పేజీ తిప్పాడు. రెండో పేజీకీ "ఏడుంది సార్?" అన్నాడు అన్నయ్య. డాక్టరు మొహం చిట్లించాడు. మూడో పేజీకి "ఇందుల ఏడుంది సార్?" అనేసరికి ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "అన్నింట్లో ఏడే ఉంటే ఇంత పుస్తకం ఎందుకయ్యా వేస్తారు?" అన్నాడట.

ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియడం లేదనీ, కరెంటు తీగల దగ్గర పెట్టలేమనీ, వేరే పనికి పేరు పరిశీలిస్తామనీ చెప్పి పంపించారు.

"అయ్యో, పోరడు గుడ్డోడా!" అని నాయనమ్మ గుండె బాదుకుంది.

"గుడ్డోణ్ణి కాదు నాయనమ్మా. అన్నీ కనిపిస్తయ్. రంగులే జర తికమకయితయ్."

"మరి ఇన్నేండ్లు చెప్పకపోతివేంది?"

"నాకు తెలిస్తే గదా!"

అది నిజం. పుట్టినప్పటి నుంచి లోకం తనకు అలాగే కనిపిస్తుంటే, ఇంకొకరికి వేరుగా కనిపిస్తుందని ఎవరికి తోస్తుంది? తర్వాతి మూడు రోజులూ వాడకట్టు వాడకట్టంతా వచ్చి మా అన్నయ్యను పరీక్షించింది. టమాటా చూపిస్తే ఎరుపు అన్నాడు. వేపాకు చూపిస్తే పచ్చ అన్నాడు. "బానే చెప్తున్నడు గదా" అని అందరూ డాక్టరును తిట్టారు. అప్పుడు నాయనమ్మ లోపలికి వెళ్లి ఒక పచ్చి టమాటా తెచ్చి ముందు పెట్టింది. అన్నయ్య ఏమాత్రం ఆలోచించకుండా "ఎరుపు" అన్నాడు. అప్పటిదాకా జవాబులు చెప్పింది కళ్లు కాదు, ఒకటో తరగతి పుస్తకం.

వాడకట్టు ఇళ్లకు వెళ్లిపోయింది. నాయనమ్మ తీర్పు చెప్పింది: "ఇది మా దిక్కు నుంచి రాలే."

నాయనమ్మ దగ్గర వారసత్వానికి ఒక పాత సిద్ధాంతం ఉండేది. మా ఇద్దరిలో మంచి అనిపించేదంతా ఆమె వైపు నుంచి వచ్చింది. నా లెక్కల మార్కులు, అన్నయ్య ఎత్తు, ఇద్దరి గొంతులు. గజ్జి, మొండితనం, కప్పలంటే నా భయం మాత్రం అమ్మ వైపు నుంచి వచ్చాయి. ఈసారి ఆమెకు సాక్ష్యం కూడా దొరికింది. మా అమ్మ వాళ్ల నాన్న, అప్పటికే కాలం చేసిన తాతయ్య.

తాతయ్య ఒకసారి ఇంటి తలుపులకు ఎర్రమట్టి రంగు వేయాలని స్వయంగా వెళ్లి డబ్బా కొనుక్కొచ్చి, స్వయంగా రెండు పూతలు వేశాడు. తలుపులు ముదురాకుపచ్చగా తయారయ్యాయి. మంచిగా వచ్చిందని ఆయన మురిసిపోయాడు. పక్క ఊళ్ల వాళ్లు అది ఫారెస్టు ఆఫీసనుకుని, బీడీల తునికాకు ఎప్పటి నుంచి కోయాలో అడగడానికి వచ్చేవాళ్లు. మొదట్లో విసుక్కున్న తాతయ్య తర్వాత తర్వాత అలవాటు పడి, తనకు తోచిన తేదీ చెప్పి పంపేవాడట. ఇంకో సంగతి అమ్మ చెప్పేది. మాఘం వెళ్లాక అడవంతా మోదుగు పూలతో మండిపోతుంటే, జీవితమంతా ఆ అడవిలో తిరిగిన మనిషి, "అందరూ పూలు పూలు అంటరు, ఏడ పూసినయ్?" అని అడిగేవాడట. పువ్వు తెంపి చేతికిస్తే "ఓ, ఇదా" అనేవాడు.

"చూసిన్రా? గా పెద్దమనిషిదే వచ్చింది" అంది నాయనమ్మ.

అక్కడ నేను నోరు మూసుకుని ఉంటే బాగుండేది. కానీ నాకు పదిహేడేళ్లు. జంతుశాస్త్రం పుస్తకంలో సరిగ్గా ఆ పాఠం ముగించుకుని వచ్చాను. లింగ సహలగ్న అంతర్గత లక్షణాలు అనే మాట అంతకు ముందు వారమే బట్టీ కొట్టి ఉన్నాను. అంత మాట నోట్లో పెట్టుకుని ఊరుకోవడం ఆ వయసులో కష్టం. ముగ్గు గిన్నె తెచ్చి వాకిట్లో కూర్చుని మా వంశవృక్షం వేశాను. ఆడవాళ్లకు సున్నలు, మగవాళ్లకు పెట్టెలు.

నాయనమ్మ వంగి చూసి, "నేనేది?" అంది. చూపించాను.

"నాకు సున్న పెట్టినవా?"

"ఆడోళ్లందరికీ సున్ననే నాయనమ్మా. పెద్ద పెద్ద సైంటిస్టులే గట్ల పెట్టిండ్రు."

"వాళ్లు గూడ మొగోళ్లే అయ్యుంటరు. మొగోళ్లకు పెట్టెలు, మాకు సున్నలు! నాది జర పెద్దగ గియ్యి."

ఆమె సున్నను పెద్దది చేసి, ఇల్లంతా వినేలా పాఠం మొదలుపెట్టాను. ప్రతి మనిషికీ ఆడో మగో తేల్చే క్రోమోజోములు రెండుంటాయి. ఆడవాళ్లకు రెండూ ఎక్స్‌లు. మగవాళ్లకు ఒకటి ఎక్స్, ఒకటి వై. ఎరుపు, పచ్చ రంగుల తేడా తెలిపే సరుకు ఎక్స్ మీదే ఉంటుంది. ఆడదానికి ఒక ఎక్స్‌లో ఆ సరుకు చెడినా రెండోది పని నడిపిస్తుంది. ఆమెకు రంగులన్నీ కనిపిస్తాయి. కానీ ఆ చెడినది ఆమె పిల్లల్లో ఎవరికైనా వెళ్లొచ్చు. మగవాడికి ఉన్నది ఒక్క ఎక్స్. అది తల్లి ఇచ్చింది. అదే చెడితే ఆదుకునే రెండోది లేదు. తండ్రి కొడుక్కిచ్చేది వై మాత్రమే. తన ఎక్స్ కూతుళ్లకే ఇస్తాడు. కాబట్టి తాతయ్యది అమ్మకు వచ్చింది. అమ్మకు ఇంకోటి బాగుంది కాబట్టి బయటపడలేదు. అమ్మ నుంచి అన్నయ్యకు వచ్చి బయటపడింది.

"అంటే నా కోడలు దిక్కు నుంచే అంటవు" అంది నాయనమ్మ.

"అవ్."

"నా కొడుకుది ఏం లేదు?"

"ఏం లేదు. నాన్న ఇచ్చింది వై."

నాయనమ్మ లేచి నడుం మీద చేతులు పెట్టుకుంది. పొరుగింటి గోడ వైపు తిరిగి, "మా మనవరాలు ఖమ్మంల చదువుతున్నది. పుస్తకంలనే రాసి ఉన్నదంట!" అని గట్టిగా చెప్పింది. నాన్న కూడా మంచం మీద నుంచి గొంతు సవరించుకుని, "మావన్నీ గద్ద కండ్లు. ఆ రోగం మా ఇంటావంటా లేదు" అన్నాడు.

అప్పుడు చూశాను అమ్మ వైపు. గడపలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. సైన్సు చెప్తున్నానన్న సంతోషంలో నాయనమ్మ చేతికి నేనే కర్ర ఇచ్చానని అప్పుడు తెలిసొచ్చింది. దగ్గరికెళ్లి కూర్చున్నాను. అమ్మ తల ఎత్తకుండా, "మా నాయనది నీ అన్నకు వచ్చిందంటవ్?" అని అడిగింది.

"అవ్ అమ్మా."

"మంచిదే. ఆయనది ఏదో ఒకటి ఈ ఇంట్ల ఉన్నది" అంది. పెదవి చివర చిన్న నవ్వు ఉంది. అది దేనికో ఆ రోజు నాకు అర్థం కాలేదు.

సెలవులైపోయి హాస్టల్‌కు వెళ్లాక మా జువాలజీ మేడమ్‌కు ఇదంతా చెప్పాను. ఆమె నవ్వి, తనకు తెలిసిన కళ్ల డాక్టరు దగ్గర నుంచి ఆ చుక్కల పుస్తకం తెప్పించింది. ఇంట్లో అందరినీ పరీక్షించి పెద్ద పేరు తెచ్చుకోవాలని నాకు ఆశ పుట్టింది. పుస్తకం ఇంటికి ఇస్తుందో ఇవ్వదో అని, ఆమెకు చెప్పకుండా బస్టాండు పక్క షాపులో నాలుగు పేజీలు జిరాక్స్ తీయించుకుని శనివారం ఊరికెళ్లాను.

ముందు అమ్మకు చూపించాను. నంబరు కనిపించలేదంది. నాయనమ్మకు కనిపించలేదు. పొరుగింటామె, ఆమె భర్త, పాలు పోయించుకోవడానికి వచ్చిన అంగన్‌వాడీ టీచరు, ఎవరికీ ఒక్క అంకె కనిపించలేదు. ఊరంతా రోగం వచ్చిందని గుసగుసలు మొదలయ్యాయి. బోరు నీళ్ల వల్లే అన్నారు ఒకరు. పత్తి మందుల వల్ల అన్నారు ఇంకొకరు. కాగితం దగ్గరికి తెచ్చుకుని చూశాను. నాకూ ఏమీ కనిపించలేదు.

అన్నయ్య కాగితం తీసుకుని ఒక నిమిషం చూసి, "చెల్లే, ఇది బ్లాక్ అండ్ వైట్ గదనే" అన్నాడు.

రంగులు తెలియని మనిషి చెప్పేదాకా మాలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. ఆ మాట పట్టుకుని మా అన్నయ్య నన్ను ఎన్నేళ్లు ఏడిపించాడో చెప్పలేను.

తర్వాత మేడమ్ దగ్గర తప్పు ఒప్పుకున్నాను. ఆమె నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, అసలు పుస్తకమే ప్లాస్టిక్ కవర్లో చుట్టి, రెండు రోజుల్లో తెచ్చేయమని ఇచ్చింది. కొత్తగూడెం దాకా, అక్కడి నుంచి ఊరి దాకా దాన్ని ఒళ్లో పసిపిల్లలా పెట్టుకుని వెళ్లాను.

ఆదివారం పొద్దున్నే పరీక్ష. నాన్న ఎప్పుడూ కూర్చునే మంచం దగ్గర స్టూలు వేసి పుస్తకం పెట్టాను. అన్నయ్య ఊహించినట్టే ఫెయిల్. నాయనమ్మకు అంకెలు రావు. కానీ చదువు రానివాళ్ల కోసం వెనక పేజీల్లో చుక్కల మధ్య వంకర టింకర దారి ఉంటుంది. వేలితో ఆ దారి వెంట పోవాలి. ఆమె పొలం గట్టు మీద నడిచినట్టు ఒక్క తప్పు లేకుండా వేలు నడిపించింది. అమ్మ అన్ని నంబర్లూ గడగడా చదివేసి, పొయ్యి మీద అన్నం ఉందని లేచి వెళ్లింది.

"ఇగ నువ్వు రా" అని నాన్నను పిలిచాను.

"నాకెందుకు? తోటకు నీళ్లు పెట్టాలె."

"నీళ్లు పారిపోతయా? కూసో. మన కండ్లు ఎట్లుంటయో అందరికి చూపియ్యి" అని నాయనమ్మ భుజం పట్టి కూర్చోబెట్టింది.

నాన్న కళ్లజోడు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. వెలుతురు చాలడం లేదన్నాడు. మంచం వాకిట్లోకి జరిపాం. మొదటి పేజీ ఎవరికైనా కనిపించేదే. "పన్నెండు" అన్నాడు. రెండో పేజీ తిప్పాను. ఆయన పేజీ వైపు చూసి, తర్వాత ఆలోచిస్తున్నట్టు తలెత్తి నా భుజం మీదుగా దూరంగా చూసి, "ఎనిమిది" అన్నాడు. సరిగ్గా అదే. మూడో పేజీకీ అలాగే పేజీ చూసి, తలెత్తి చూసి, "ఆరు" అన్నాడు. అదీ సరే. నాయనమ్మ మొహం వెలిగిపోతోంది.

నాలుగో పేజీలో ఉన్నది డెబ్బై నాలుగు. నాన్న పేజీ చూశాడు. తలెత్తాడు. కొంచెం సేపు పెదవులు కదిపాడు. "పదకొండు" అన్నాడు.

"పదకొండా?"

నా వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది. "అయ్యో, కలుపుతరేందయ్యా! పక్కపక్కన పెట్టాలె!"

గిర్రున వెనక్కి తిరిగాను. వంటింటి గుమ్మంలో అమ్మ నాలుగు వేళ్లు పైకెత్తి నిలబడి ఉంది. అంతకు ముందు ఏడు వేళ్లు చూపించి ఉంటుంది. తన వంతులో చూసిన నంబర్లు వరసగా గుర్తు పెట్టుకుని, నాకు కనపడకుండా నాన్నకు అందిస్తోంది. ఆయన ఏడూ నాలుగూ కూడి లెక్క చెప్పాడు.

అన్నయ్య నేల మీద పడి నవ్వాడు. నాన్న కళ్లజోడు తీసి మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. నాయనమ్మకు ముందు అర్థం కాలేదు. అమ్మ చెయ్యి దించి పైట సర్దుకుంది.

"నీకు ముందే తెలుసా?" అని అడిగాను.

"పెండ్లయి వచ్చిన మొదటి కాపుకే తెలుసు" అంది అమ్మ. ఆ ఏడు నాన్న ఒక బుట్ట పండుమిర్చి ఏరి తెచ్చాడట. అందులో సగం పచ్చికాయే. ఎండబెడితే ఆ సగం పాలిపోయి తాలుకాయ అయింది. అమ్మ ఎవరికీ చెప్పకుండా తాలు ఏరి వేరే పోసి, ఆ మర్నాటి నుంచి "కాయ ఏరుడు ఆడోళ్ల పని, మీరు చెట్టు మీద చెయ్యెయ్యకున్రి" అని చెప్పేసింది. ఖమ్మం యార్డుకు సరుకు తీసుకెళ్లిన ప్రతిసారీ అమ్మ కూడా వెంట వెళ్లేది. పెళ్లాన్ని విడిచి ఒక్క అడుగు వేయడని నాన్నను, మొగుణ్ణి నమ్మదని అమ్మను ఊరంతా వెక్కిరించేది. ఆయన చొక్కా కూడా అమ్మ తీసి ఇస్తేనే వేసుకునేవాడు. అది ప్రేమ అనుకున్నాం మేము. ప్రేమే, కాకపోతే అందులో ఇంకో పని కూడా ఉంది.

"మరి నాయనమ్మ మీ వాళ్లను అన్ని మాటలు అంటుంటే చెప్పకపోతివేంది?"

"ఏం చెప్పాలె? గద్ద కండ్లని మురుస్తున్నరు. మురవనీ అనుకున్న."

నాన్న అప్పుడు నోరు తెరిచాడు. "నాకు ఎర్ర కనిపించక కాదు. ఒక్కదాన్నే పెడితె చెప్త. పచ్చను పక్కన పెడితె రెండూ చుట్టాలయితయి."

నాయనమ్మ నా వైపు తిరిగింది. "వీనికి ఎవలిచ్చిండ్రు? మా ఇంటాయన, మీ తాతనా?"

నాకు చెప్పాలంటే భయం వేసింది. "తాత కొడుక్కి ఇచ్చేది వైయే నాయనమ్మా. నాన్న ఎక్స్... నీ దగ్గర నుంచి వచ్చింది."

నాయనమ్మ గేదెల వైపు తిరిగి కూర్చుంది. తర్వాత మెల్లగా, "మా నాయన గూడ, మందల నుంచి ఎర్రావును తోలుకురమ్మంటే ఏదో ఒక ఆవును తోలుకొచ్చేటోడు. పరాకు మనిషి అనుకునేటోళ్లం" అంది. అంతలోనే గొంతు పెంచి, "అయినా గంత పెద్ద మనిషికి రంగులతోని ఏం పని?" అంది. ఆ పూట నుంచి రంగులు తెలియకపోవడం మా ఇంట్లో రోగం కాకుండా పోయింది. పెద్దింటి లక్షణం అయింది. అమ్మ వాళ్ల తలుపు గురించి ఆమె మళ్లీ ఎత్తలేదు. ఒకసారి పొరుగింటామె ఎత్తితే, "పచ్చ తలుపుకేమైంది? సల్లగుంటది" అని కసిరింది కూడా.

నాన్నకు మాత్రం ఒక దిగులు మిగిలింది. "అయితే నాది నా కొడుక్కు ఏం పోలేదా? వానిది వాళ్లమ్మ దిక్కు తాతదేనా?"

"వానిది అమ్మ ఇచ్చిందే. నీది నాకొచ్చింది నాన్నా. నీకున్నది ఒకటే ఎక్స్, అదే నాకిచ్చినవ్. అమ్మ ఇచ్చింది మంచిది కాబట్టి నాకు రంగులు కనిపిస్తున్నయ్."

"అంటే నీ లోపల నాదున్నది."

"ఉన్నది."

నాన్న లేచి తోటకు వెళ్లాడు. కానీ ఆ రోజు నుంచి ఆయనకు సిగ్గు పోయింది. కనిపించిన ప్రతి వస్తువూ చూపించి "ఇదేం రంగు బిడ్డా?" అని అడిగేవాడు. ఇన్నేళ్లుగా అడగనివన్నీ ఒక్కసారే అడిగినట్టు. వంకాయ, గేదె దూడ, ఆర్టీసీ బస్సు, నాయనమ్మ చీర. చెప్పింది విని "అట్లనా" అని తల ఊపి, కాసేపటికి మళ్లీ అదే అడిగేవాడు.

అన్నయ్యకు తర్వాతి ఏడాది గనిలోనే మస్టర్ ఆఫీసులో పని ఇచ్చారు. ఎవరు డ్యూటీకి వచ్చారో, ఎవరు రాలేదో రాయడం. నల్ల ఇంకు, తెల్ల కాగితం. వాడికి అంతకన్నా సుఖమైన రంగులు లేవు.

ఇంకో నాలుగేళ్లకు నాకు వైరా నుంచి సంబంధం వచ్చింది. ఇలాంటివి బయట చెప్పొద్దని నాయనమ్మ నా దగ్గర మాట తీసుకుంది. నాన్న దగ్గర తీసుకోవడం మరిచిపోయింది. అబ్బాయి, వాళ్ల నాన్న, వాళ్ల అమ్మ వచ్చి కూర్చుని టీ తాగుతుండగా నాన్న గొంతు సవరించుకుని, "ఒక మాట ముందుగాల చెప్పాలె బావగారూ" అన్నాడు. నాయనమ్మ నుదురు కొట్టుకుంది. ఆయన తమలపాకుల పళ్లెం దగ్గరికి లాక్కుని రెండు ఆకులు తీశాడు.

"మా బిడ్డకు రెండున్నయ్. ఇది వాళ్లమ్మది, మంచిది. ఇది నాది, జర గడబిడ. రేపు కొడుకు పుడితే ఇందుల ఏదో ఒకటి పోతది. నాది పోతే ఎర్ర, పచ్చ తెల్వదు. ఇంకే రోగం లేదు. అన్నం తింటడు, చదువుకుంటడు, లెక్క కూడ చేస్తడు."

"అంటురోగమాండీ?" అంది అబ్బాయి తల్లి కంగారుగా.

"అంటది కాదమ్మా. వంశంల వచ్చేది. చాన పాతది" అన్నాడు నాన్న కొంచెం గర్వంగానే.

అబ్బాయి తండ్రి ఆకుల వైపు చూశాడు, నాన్న వైపు చూశాడు. తర్వాత తలపాగా విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయన తల ఉదయపు ఎండలో మెరిసింది.

"మాది మూడు తరాల బట్టతల బావగారూ. మీరు చెప్పారు కాబట్టి మేమూ చెప్పేస్తున్నాం. మా వాడికి ఇంకా నాలుగైదేళ్లు టైముంది."

అబ్బాయి చెయ్యి ఎవరూ చెప్పకుండానే తన క్రాపు మీదికి వెళ్లింది. దట్టంగా, నల్లగా, చక్కగా దువ్విన క్రాపు. తలుపు చాటు నుంచి చూస్తున్న నేను నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరుగెత్తాను. అదే అంగీకారమని పెద్దవాళ్లు అనుకున్నారు. నేనూ కాదనలేదు.

మామగారు నాలుగైదేళ్లన్నారు. మూడేళ్లకే ఆ క్రాపు అయిపోయింది.